దుకాణానికి రాకముందే నోటికెక్కిన పాట

మెట్ల దగ్గర ఆగిపోయావు.

కింద బారులో బీరు వాసన, సిగరెట్ పొగ. పైనుంచి ఎవరో గిటార్ శ్రుతి చేసుకుంటున్న చప్పుడు. ఒక తీగ అపస్వరం పలుకుతోంది. మళ్లీ బిగించారు. మళ్లీ అపస్వరమే.

"వస్తావా, ఇక్కడే కూచుంటావా?" నీ స్నేహితుడు రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగాడు.

2003 జూన్ 13, శుక్రవారం. ఇంగ్లండులో ఉక్కుకు పేరుపడ్డ ఊరు షెఫీల్డ్. ట్రిప్పెట్ లేన్ అనే చిన్న వీధిలో 'ద గ్రేప్స్' అనే పబ్బు. రాత్రి ఎనిమిది దాటినా కిటికీలోంచి ఇంకా పగటి వెలుగే పడుతోంది. ఇక్కడ వేసవి అంతే, చీకటి పడటానికి బద్ధకిస్తుంది.

జేబులో చిల్లర తడుముకున్నావు. ఈ డబ్బుతో కింద ఇంకో గ్లాసు తాగొచ్చు. పైన వాయించేవాళ్ల పేరు ఆర్కిటిక్ మంకీస్. నువ్వు ఎప్పుడూ వినలేదు. ఎవరూ వినలేదు. ఇదే వాళ్ల మొదటి ప్రదర్శన.

చిల్లర తీసి తలుపు దగ్గరున్న మనిషి చేతిలో పెట్టావు. పైకెక్కావు.

గది చిన్నది. జనం మరీ పలచగా ఉన్నారు. ఎదురుగా నలుగురు కుర్రాళ్లు, అందరూ పదిహేడేళ్లకు అటూ ఇటూ. పాడేవాడు అలెక్స్ టర్నర్. జనం వైపు చూడటం లేదు, నేల వైపు చూస్తున్నాడు. పక్కన గిటార్ పట్టుకున్నవాడు జేమీ కుక్, టర్నర్ వాళ్ల పొరుగింటి పిల్లాడు. బేస్ గిటార్ మీద ఆండీ నికల్సన్. వెనక డ్రమ్స్ మీద మ్యాట్ హెల్డర్స్.

"అలెక్స్‌కీ జేమీకీ ఏణ్ణర్థం కిందట క్రిస్మస్‌కి ఇంట్లో గిటార్లు కొనిచ్చారు," స్నేహితుడు నీ చెవిలో చెబుతున్నాడు. "మ్యాట్‌కి డ్రమ్స్ వచ్చని కాదు. మిగతావన్నీ తలా ఒకటి తీసేసుకున్నారు. మిగిలింది అదే."

హెల్డర్స్ కర్రలు పైకెత్తాడు. ఒకటి, రెండు, మూడు.

చప్పుడు నీ ఛాతీకి తగిలింది. తాళం ఒకచోట తప్పింది. ఎవరూ ఆగలేదు. తప్పిన చోట పట్టుకుని పరుగెత్తారు. పాట మెరుగ్గా ఏమీ లేదు, కానీ వేగంగా ఉంది. నీకు తెలియకుండానే మడమ నేలను తడుతోంది.

ఆ రాత్రి టికెట్ల మీద వచ్చింది 27 పౌండ్లు. అందులో నీ చిల్లర కూడా ఉంది.

*

ఏడాది గడిచింది. శనివారం అర్ధరాత్రి. సన్నటి జల్లు. ఒక క్లబ్బు ముందు వరసలో నించున్నావు. తలుపు దగ్గర బౌన్సర్ నిన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"నువ్వు పక్కకి జరుగు."

ఎందుకని అడగాలనిపించింది. వాడి భుజాలు చూసి మానేశావు. టాక్సీ వరసలో ముప్పావుగంట నించున్నావు. మీరు ఆరుగురు. డ్రైవరు నలుగురి కంటే ఎక్కించుకోనన్నాడు. ఎవరు ఉండాలి, ఎవరు వెళ్లాలి? గొడవ పడ్డారు. తడిసిన బూట్లతో నడిచి ఇంటికి చేరావు.

తర్వాతి వారం స్నిగ్ హిల్‌లోని 'బోర్డ్‌వాక్'కి వెళ్లావు. ఒకప్పుడు దీని పేరు బ్లాక్ స్వాన్. 1976 జూలై 4న ద క్లాష్ బ్యాండు తన మొట్టమొదటి ప్రదర్శన ఇచ్చింది ఇక్కడే. అలెక్స్ టర్నర్ ఈ బారు కౌంటర్ వెనకే గ్లాసులు అందించాడు. వచ్చిపోయే బ్యాండులన్నిటినీ జీతం తీసుకుంటూ చూశాడు. ఈ రాత్రి మాత్రం కౌంటర్‌కి ఇవతల, మైకు ముందు నించున్నాడు.

పాట మొదలైంది. బౌన్సర్ గురించి. తలుపు దగ్గర పడ్డ అవమానం గురించి.

మెడ నిటారుగా అయింది. ఇంకో పాట. అది టాక్సీ గురించి, ఆరుగురు ఎక్కాలనుకునే టాక్సీ గురించి. నీ శనివారం వీడికి ఎలా తెలిసింది?

వీడికి నీ శనివారం తెలియదు. వీడి శనివారమూ అదే.

ఇంకో సంగతి నీ చెవికి తగిలింది. వీడు అమెరికా గొంతు పెట్టుకుని పాడటం లేదు. షెఫీల్డ్ వీధిలో అమ్మమ్మలు మాట్లాడుకునే యాసలోనే పాడుతున్నాడు. ఇక్కడ అలిగి మూతి ముడుచుకున్న మనిషిని 'మార్డీ' అంటారు. లండన్‌లో ఆ మాట అంటే అర్థంకాక ముఖం చూస్తారు. వీడు ఆ మాటనే పాట పేరులో పెట్టేశాడు. శ్రీకాకుళం కుర్రాడు మైకు ముందు నించుని పత్రిక భాష పక్కన పెట్టి వాళ్ల ఊరి యాసలో పాట ఎత్తుకుంటే ఆ ఊరి జనానికి ఎలా ఉంటుందో, ఈ గదిలో ఇప్పుడు అలాగే ఉంది.

పాటలు అయిపోయాయి. చెమటతో గోడలు తడిశాయి. బయటికొస్తుంటే ఎవరో నీ చేతిలో ఒక సీడీ పెట్టారు. కంప్యూటర్లో కాపీ చేసిన మామూలు సీడీ.

"ఎంత?"

"ఏం వద్దు. తీసుకెళ్లు."

*

ఇంట్లో అందరూ పడుకున్నారు. కంప్యూటర్ ముందు నువ్వొక్కడివే. సీడీ ట్రే లోపలికెళ్లింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నావు.

మూడోసారి వింటున్నావు. నాలుగోసారి. ఇంత మంచి పాట నీ ఒక్కడి దగ్గరే ఉంటే ఛాతీలో ఏదో ఇరుకుగా ఉంటుంది. ఎవరికైనా వినిపించాలి. ఇప్పుడే.

ఇంటర్నెట్‌లో పెడితే?

చెయ్యి మౌస్ మీద ఆగింది. ఇది 2004. రికార్డు కంపెనీలు పాటలు పంచుకునేవాళ్లను దొంగలంటున్న రోజులు. నువ్వు దొంగవా? సీడీని తిప్పి చూశావు. ధర లేదు. వాళ్లే ఉచితంగా ఇచ్చారు. తీసుకెళ్లమన్నారు.

తీసుకెళ్లడమంటే ఎంత దూరం?

నొక్కావు.

సీడీలో ముప్పై మెగాబైట్లున్న పాట ఎంపీ3గా మారి మూడుకి దిగింది. ఫోను లైను మీద అది కూడా బరువే. మూడు నిమిషాల పాట వెళ్లడానికి పావుగంట. నీలం గీత మెల్లగా కుడివైపు పాకుతోంది. ఈలోపు ఎవరూ ఫోను ఎత్తకూడదు. ఎత్తితే లైను తెగిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. అమ్మ దగ్గింది. ఊపిరి బిగబట్టావు. గీత చివరికి చేరింది.

నీలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. తలా ఒక గదిలో, తలా ఒక కంప్యూటర్ ముందు. ఆ డెమో పాటలన్నిటినీ అభిమానులు ఒకచోట చేర్చి దానికి 'బినీత్ ద బోర్డ్‌వాక్' అని పేరు పెట్టుకున్నారు, సీడీ చేతికందిన చోటు పేరే. మైస్పేస్ అనే సైట్‌లో బ్యాండు పేజీ తెరిచింది కూడా అభిమానులే. ఆ మైస్పేస్ ఏమిటో కూడా మాకు తెలియదని బ్యాండే తర్వాత చెప్పింది.

*

2005. షెఫీల్డ్ దాటి వేరే ఊరు. ఇక్కడ వీళ్లు పాడటం ఇదే మొదటిసారి. నువ్వు రైలెక్కి వచ్చావు, ఖాళీ హాల్లో పరువు కాపాడటానికైనా నలుగురుండాలి కదా అని.

హాలు ఖాళీగా లేదు. తోసుకుంటే తప్ప లోపలికి వెళ్లలేవు.

టర్నర్ మొదటి మాట పాడాడు. రెండో మాట అతని నోటినుంచి వచ్చేలోపే హాలు అందుకుంది. వందల గొంతులు. పల్లవి కాదు, చరణాలు. నోరు తిరగని చోట కూడా తడబడటం లేదు. ఎప్పుడూ షెఫీల్డ్ చూడని పిల్లలు షెఫీల్డ్ యాసలో పాడుతున్నారు.

టర్నర్ ఒక్క క్షణం మైకు నుంచి వెనక్కి జరిగాడు. నలుగురూ ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. ఈ పాట దుకాణంలో లేదు. రేడియోలో రాలేదు. ఎలా వచ్చింది వీళ్లకి?

నీకు తెలుసు. నీలం గీత గుర్తొచ్చింది. ఒళ్లు జలదరించింది.

తలుపు దగ్గర మంచి కోటు వేసుకున్న మనిషి ఒకడు వాదిస్తున్నాడు. రికార్డు కంపెనీ తరఫున లండన్ నుంచి వచ్చాడు. కొత్త బ్యాండుల్ని వెతికిపట్టుకోవడం అతని పని. అలాంటివాళ్లకు ఎక్కడైనా ఉచిత ప్రవేశం ఉంటుంది. ఇక్కడ లేదు. అందరిలాగే టికెట్ కొనుక్కోవాలి, టికెట్లు అయిపోయాయి.

కొందరు కంపెనీల వాళ్లు ముందే వచ్చి వెళ్లారు. ఈ పాట బాగుంది, ఆ ముక్క మార్చండి అన్నారు. వీళ్లు మార్చలేదు.

నీకు భయం వేసింది. పదిహేడేళ్లకు మొదటి ప్రదర్శన ఇచ్చి, పంతొమ్మిదేళ్లకే లండన్ డబ్బుని గుమ్మం దగ్గర నిలబెడితే ఎలా? జేమీ కుక్ టైల్స్ పరిచే పని చేసిన కుర్రాడు. చెక్కు ముందు పెడితే వద్దనగలడా? నువ్వైతే అనగలవా? నిజం చెప్పు.

మే నెలలో వాళ్లే సొంతంగా, 'బ్యాంగ్ బ్యాంగ్' అనే తమ లేబుల్ పేరుతో రెండు పాటల చిన్న రికార్డు వేశారు. 500 సీడీలు, 1,000 ప్లాస్టిక్ రికార్డులు. జూన్‌లో సంతకం పెట్టారు. పెద్ద కంపెనీతో కాదు, డొమినోతో. లారెన్స్ బెల్ అనే మనిషి తన ఫ్లాట్‌లో మొదలుపెట్టిన స్వతంత్ర సంస్థ అది. ఇండీ అంటే, ఇండిపెండెంట్ అంటే, వీళ్లకి ఇదే. ఏ పాట వెయ్యాలో, ఏ మాట ఉంచాలో పాడేవాడే తేల్చుకోవడం.

*

ఆగస్టు చివరి వారం. రీడింగ్ ఉత్సవం. పొలంలో గుడారాలు, బురద, వేయించిన ఉల్లిపాయల వాసన. పెద్ద వేదిక మీద పేరున్న బ్యాండులు. వీళ్లకిచ్చింది కొత్తవాళ్ల కోసం వేసే చిన్న గుడారం.

ముందుగానే వెళ్లి మధ్యలో నించున్నావు. చోటు హాయిగా ఉంది. వెనక్కి చూశావు. జనం వస్తున్నారు. మళ్లీ చూశావు. ఇంకా వస్తున్నారు. గుడారం అంచు దాటి బయట గడ్డి మీద కూడా తలలే కనిపిస్తున్నాయి. దుకాణాల్లో అమ్మకానికి వచ్చింది ఆ 1,500 రికార్డులే. మరి ఇంతమంది ఎక్కడినుంచి?

దీపాలు ఆరాయి.

అరుపు. వెనకనుంచి ఒక తోపు. నీ కాళ్లు నేలను వదిలేశాయి. నువ్వు నడవడం లేదు. జనం నిన్ను మోసుకెళ్తున్నారు.

డ్రమ్స్.

గాలి లేదు. ఎవరి మోచేయో పక్కటెముకల్లో గుచ్చుకుంది. చెమట కళ్లలో పడింది. ముందున్న పిల్లాడు తూలాడు. కనిపించడం లేదు.

కింద పడ్డాడు.

పాట ఆగలేదు. జనం ఆగలేదు. ఇంకో తోపు వస్తోంది.

బయటికి పోతావా? ఎడమవైపు సందుంది. ఇప్పుడైతే దూరొచ్చు. రెండు క్షణాల తర్వాత దూరలేవు.

వంగావు. చెయ్యి దొరికింది. జారింది. చొక్కా పట్టుకున్నావు. లాగావు. పక్కనున్న అమ్మాయి అవతలి భుజం పట్టింది. లేచాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. నోరు తెరిచి గాలి మింగాడు. ఇలాంటి గుంపులో రాసిపెట్టని ధర్మం ఒకటుంది. పడ్డవాణ్ని ఎవరు దగ్గరుంటే వాళ్లు లేపాలి.

వాడు నీ వైపు చూశాడు. ధన్యవాదాలు చెప్పలేదు. పల్లవి వచ్చింది, అందుకుని పాడాడు.

నువ్వూ పాడావు.

*

అక్టోబరు. లండన్‌లో రెండు వేల మంది పట్టే ఆస్టోరియా హాలు, ఒక్క టికెట్ మిగల్లేదు. 17న డొమినో నుంచి మొదటి సింగిల్ వచ్చింది, 'ఐ బెట్ యు లుక్ గుడ్ ఆన్ ద డాన్స్‌ఫ్లోర్'. 23వ తేదీ ఆదివారం సాయంత్రం రేడియో దగ్గర కూచున్నావు. బ్రిటన్‌లో అప్పట్లో ప్రతి ఆదివారం, ఆ వారం ఎక్కువ అమ్ముడైన పాటల్ని కిందినుంచి పైకి చదువుకుంటూ వచ్చేవారు. పదిలో లేదు. ఐదులో లేదు. మూడులో లేదు. రెండులో కూడా లేదు.

గుండె దిగజారింది. మరి ఎక్కడ?

గిటార్ మొదలైంది. ఒకటో స్థానం.

నువ్వు అరిచిన అరుపుకి అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

*

2006 జనవరి 23, సోమవారం పొద్దున. రికార్డుల దుకాణం ముందు చలిలో నించున్నావు. వాళ్ల మొదటి ఆల్బం ఈ రోజే వస్తోంది. జనం ఆగలేకపోతున్నారని డొమినో విడుదలను వారం ముందుకు జరిపింది.

లోపలికెళ్లి ఒకటి తీసుకున్నావు. వెనక్కి తిప్పి పాటల పేర్లు చదివావు. సగానికి పైగా నీకు ముందే వచ్చు. ఏణ్ణర్థంగా నీ కంప్యూటర్లో ఉన్నాయి. ఉచితంగా.

కొంటావా?

ఇదే ప్రశ్న ఈ రోజు దేశమంతా దుకాణాల్లో నించున్న కుర్రాళ్ల ముందు ఉంది. ఉచితంగా దొరికినదాన్ని ఎవడూ డబ్బు పెట్టి కొనడని కంపెనీలు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాయి. ఆ మాట నిజమైతే ఈ సాయంత్రానికి తేలిపోతుంది.

అట్ట వైపు తిప్పావు. బ్యాండు ఫోటో లేదు. ఒక కుర్రాడు సిగరెట్ పీలుస్తున్నాడు. రాత్రంతా తిరిగి అలసిన కళ్లు. వాడు బ్యాండు స్నేహితుడు. జేబులో డబ్బు పెట్టి, రాత్రంతా తిరిగి తాగి రమ్మని, తెల్లవారుజామున లివర్‌పూల్‌లోని ఒక బారులో తీసిన ఫోటో అది. తమ మొదటి ఆల్బం అట్ట మీద తమ ముఖాలు వేసుకోలేదు వీళ్లు. శనివారం రాత్రి ముఖం వేశారు. నీలాంటి ముఖం.

కౌంటర్ మీద డబ్బు పెట్టావు.

నీ వెనక వరస ఉంది. మొదటి రోజు అమ్ముడైనవి 1,18,501. వారం తిరిగేసరికి 3,63,735. బ్రిటన్‌లో అప్పటిదాకా ఏ బ్యాండు మొదటి ఆల్బమూ ఇంత వేగంగా అమ్ముడుపోలేదు. ఇంట్లో పాట ఉన్నవాళ్లూ వచ్చి కొన్నారు. ఉచితంగా విన్నవాడు బాకీ పడ్డాననుకున్నాడు, తీర్చడానికి వచ్చాడు. నువ్వూ అందుకే వచ్చావు.

*

అదే ఏడాది జూన్. పత్రికలో చిన్న వార్త. ఆండీ నికల్సన్ బ్యాండులో ఇక లేడు. ఎడతెగని ప్రయాణాలతో అలసిపోయాడు. మే నెలలో అమెరికా పర్యటనకే వెళ్లలేకపోయాడు. అతని స్థానంలో వాయించిన నిక్ ఓమాలీ ఇక అక్కడే ఉంటాడు.

పేపరు మడిచి పెట్టావు. గ్రేప్స్ పై గదిలో బేస్ పట్టుకుని నించున్న కుర్రాడు కళ్లముందుకొచ్చాడు. మూడేళ్లు. 27 పౌండ్ల రాత్రి నుంచి ఇక్కడికి మూడేళ్లే. ఊరు చూసి గర్వపడింది, దేశం చూసి ఆశ్చర్యపోయింది, ఆ వేగం ఒక మనిషి ఒంటికి ఎంత బరువైందో ఎవరూ చూడలేదు. నువ్వూ చూడలేదు. ఆస్టోరియాలో ఇంకో పాట, ఇంకో పాట అని గొంతు చించుకున్నవాళ్లలో నువ్వూ ఉన్నావు. నోళ్లు పాటను మోస్తాయి. పాడేవాణ్ని మోసే చేతులు కూడా కావాలి, ఆ గుడారంలో పడ్డవాణ్ని లేపిన చేతుల్లాంటివి.

సెప్టెంబరులో వాళ్ల మొదటి ఆల్బానికి, ఏడాది ఉత్తమ ఆల్బానికిచ్చే మెర్క్యురీ బహుమతి వచ్చింది. వేదికెక్కిన టర్నర్ తన గొప్ప చెప్పుకోలేదు. అది దక్కాల్సింది తమ ఊరి పెద్ద పాటగాడు రిచర్డ్ హాలీకి అన్నాడు. టీవీ ముందు కూచున్న నీకు గొంతులో ఏదో అడ్డుపడింది.

2007 జూన్ 22, గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం. పిరమిడ్ అనే పెద్ద వేదిక. ఆ రాత్రి అందరి తర్వాత వచ్చే ప్రధాన బ్యాండు వీళ్లే. మొదటి మెట్లెక్కి నాలుగేళ్లు దాటి తొమ్మిది రోజులు. నువ్వెక్కడో గుట్ట మీద, బురదలో, వేల తలల వెనక ఉన్నావు. వేదిక మీద మనుషులు అగ్గిపుల్లలంత కనిపిస్తున్నారు. టర్నర్ ఇప్పుడు నేల వైపు చూడటం లేదు. పాట మొదలైంది. నీ పక్కనున్న ముక్కూ మొహం తెలియనివాడు నీ భుజం మీద చెయ్యేసి పాడుతున్నాడు. ఒక మాట తప్పు పాడాడు. నువ్వు సరిదిద్దలేదు. ఇప్పుడది వాడి పాట కూడా.

*

ఇంకో శుక్రవారం. ట్రిప్పెట్ లేన్. జల్లు పడుతోంది. గ్రేప్స్ కింద బారులో గ్లాసు పట్టుకుని నించున్నావు.

పైనుంచి ఎవరో గిటార్ శ్రుతి చేసుకుంటున్నారు. ఒక తీగ అపస్వరం పలుకుతోంది. మళ్లీ బిగిస్తున్నారు.

పేరు తెలియదు. ఎవరూ వినలేదు.

గ్లాసు కింద పెట్టావు. జేబులో చిల్లర ఉంది.